కాలువ గట్టును మాకు మిగల్చండి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను అమలాపురంలో బ్యాంకు ఉద్యోగిని. పొద్దున తొమ్మిదిన్నరకి లోపలికి వెళ్తే బయటపడేసరికి దీపాలు పెట్టేస్తారు. చుట్టూ కొబ్బరితోటలే, అయినా చెప్పుల్లేకుండా మట్టి మీద అడుగేసి ఎన్నేళ్లయిందో గుర్తు రాక మొన్నామధ్య చాలా బాధేసింది.

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఫోను ఇంట్లో వదిలేసి, రోజూ ఇరవై నిమిషాలు కాలువ గట్టు మీద నడుస్తున్నాను. నీళ్ల మీదికి వేలాడే కరెంటు తీగ మీద ఒక లకుముకి పిట్ట కూర్చుంటుంది. చూస్తుండగానే నీలం గీతలా నీళ్లలోకి దూకి, చేపపిల్లతో పైకొచ్చి, దాన్ని తీగకేసి రెండు దెబ్బలు కొట్టి మింగేస్తుంది. ఆ కాసేపు నాకు టార్గెట్లూ లేవు, తలనొప్పీ లేదు. కోరింగ మడ అడవులకి వెళ్లాలంటే సెలవు కావాలి. గట్టుకి అక్కర్లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి అన్నం పెట్టినవి ఈ కాలువలే. ఇప్పుడు గట్టు పొడవునా కోడి వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు. ముక్కు మూసుకుని దాటాల్సిన చోట్లున్నాయి.

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడు అధికారులు ఆ చెత్త ఎత్తించాలి, మళ్లీ వేయనివ్వకూడదు. తొలకరికి కానుగ, నేరేడు మొక్కలు నాటించాలి. రంగు దీపాలు, సిమెంటు బల్లలు మేం అడగడం లేదు. మొక్కలకి నీళ్లు పోసే పని మా వీధివాళ్లం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం