ముందు అందరికీ ఒక్కో జత

నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో మా కుట్టు షాపుకి పిల్లల బట్టలు ఇచ్చే అమ్మలకీ నాన్నలకీ, మా వెనక వీధి ప్రాథమిక బడి టీచర్లకీ నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను. బడికి దసరా సెలవులిచ్చారు. జూన్ 12న బడి తెరిచాక, మధ్యాహ్నం పూట మెషిన్ ఆపి కాసేపు కూర్చోవడం నాకు ఇదే మొదలు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. జూన్‌లో పిల్లల యూనిఫాంలు చెప్పిన రోజుకి ఇవ్వక మీలో చాలామందికి మాట తప్పాను. శుక్రవారం అన్నాను, సోమవారం అన్నాను, చివరికి రేపు రండి అన్నాను. రాత్రి పన్నెండు దాకా కుడుతూనే ఉన్నాం. అయినా ఎండలో చంటిబిడ్డని చంకనేసుకుని మూడుసార్లు తిరిగిన తల్లికి, నేను రాత్రి మేలుకున్నానని చెబితే ఏం లాభం?

అన్ని ఆర్డర్లు ఎందుకు ఒప్పుకున్నానో కూడా చెబుతాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మన మీదికి వచ్చినప్పుడు షాపులో నడుము లోతు నీళ్లు. రెండు మెషిన్ల మోటార్లు పోయాయి, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ తుప్పు పట్టింది, కత్తిరించి పెట్టిన గుడ్డంతా బురదైపోయింది. తడిసిపోయిన గుడ్డకి డబ్బు కట్టిస్తానంటే మీలో ఒక్కరు కూడా తీసుకోలేదు. దీపావళి ముందు ఒక్క కాలిమెషిన్‌తో షాపు తెరిస్తే, ఇళ్లు ఇంకా ఆరకముందే చీరలకి ఫాల్ కుట్టమని, జాకెట్లు వదులు చేయమని ఏదో ఒక పని తెచ్చి ఇచ్చారు. ఆ పనులతోనే ఇల్లు గడిచింది. అలాంటివాళ్లు ఈ జూన్‌లో గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడితే కాదనడానికి నాకు నోరు రాలేదు.

పైగా ఈసారి పని కూడా ఎక్కువే. మన బడి మోడల్ ప్రైమరీ అయింది, తరగతికో టీచరు వచ్చారు, పిల్లలు పెరిగారు. ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్లలో బ్యాగు, బూట్లు, పుస్తకాలతో పాటు మూడేసి జతల గుడ్డ ఇచ్చారు. అదే సమయంలో తల్లికి వందనం పథకం డబ్బు, పిల్లకి 13 వేల చొప్పున, ఖాతాల్లో పడింది. దాంతో ప్రైవేటు బడుల పిల్లల తల్లులు కూడా యూనిఫాం గుడ్డ కొనుక్కుని వచ్చేశారు. బెంచీ మీద, బెంచీ కింద, మా మంచం మీద కూడా గుడ్డల మూటలే.

అక్కడ నేను చేసిన పొరపాటు ఒకటుంది. ఎవరు ముందు ఇస్తే వాళ్ల మూడు జతలూ పూర్తిచేసి, ఆ తర్వాతే రెండో మూట విప్పాను. పదిహేనేళ్లుగా అలాగే చేస్తున్నాను, ఎప్పుడూ అనుమానం రాలేదు.

రెండో తరగతి పాప ఒకటి రోజూ బడి వదిలాక షాపు ముందు ఆగేది. లోపలికి వచ్చేది కాదు. గుమ్మం చెక్క పట్టుకుని, హ్యాంగర్లకి వేలాడే ఫ్రాకులన్నీ ఒక్కొక్కటే చూసేది. "ఆంటీ, నాది ఇందులో ఉందా?" "రేపు అయిపోతుందమ్మా." తల ఊపి వెళ్లిపోయేది. నాలుగో రోజో ఐదో రోజో వాళ్ల అమ్మ చెప్పింది, యూనిఫాం లేదని పాప ప్రార్థనలో తనంతట తనే వెనక వరసలోకి వెళ్లి నిలబడుతోందట. టీచరుగారు ముందుకి రమ్మన్నా రావడం లేదట. ఆ సమయానికి నా హ్యాంగర్ల మీద ఒకే ఇంటి పిల్లవి మూడు ఫ్రాకులు ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఆ పిల్లకి ఒకటి ఒంటి మీదికి, రెండు పెట్టెలోకి. ఈ పాపకి ఒక్కటీ లేదు.

ఆ రాత్రే పాప మూట విప్పి ఒక జత కుట్టాను. పొద్దున బడికి వెళ్లే దారిలో షాపులోనే వేసుకుంది. గుండీలు నన్ను పెట్టనివ్వలేదు, తనే పెట్టుకుంది, ఒకటి తప్పు కాజాలో పెట్టుకుని మళ్లీ మొదటినుంచి.

అందుకే పద్ధతి మారుస్తున్నాను. వచ్చే జూన్ నుంచి ముందు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక్కో జత. అందరికీ మొదటి జత అందాకే రెండోది, మూడోది. ముందుగా ఇచ్చినవాళ్లకి ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. ఒక్క జత రోజూ రాత్రి ఉతికి ఆరేసుకోవాలి, వానాకాలంలో అది చిన్న పని కాదని నాకూ తెలుసు. కొన్నాళ్లు ఓర్చుకోండి. రోజుకి ఎన్ని కుట్టగలనో అన్నే ఒప్పుకుంటాను, చీటీ మీద తారీఖు రాసి ఇస్తాను. కుదరకపోతే మొహం మీదే చెప్పేస్తాను, వేరే టైలర్ దగ్గరికి వెళ్లడానికి మీకు వ్యవధి ఉంటుంది.

ఫ్రాకులు తారుమారైన సంగతి కూడా చాలామందికి తెలుసు. రెండిళ్లది ఒకే ఇంటిపేరు, గుండుసూదితో గుచ్చిన చీటీ ఊడిపోయింది, నాలుగో తరగతి పిల్ల ఫ్రాకు రెండో తరగతి పిల్లకి ఇచ్చేశాను. ఇప్పుడు బట్టలకి గుచ్చే చీటీలు మానేశాను. నంబరు రాసిన గుడ్డముక్కని దారంతో టాకా వేస్తున్నాను.

మీరు చేయాల్సింది ఒకటి ఉంది. పాత చొక్కాని ఆదిగా పంపకండి, పిల్లల్నే తీసుకురండి. వేసవిలో అమ్మమ్మగారింటికి వెళ్లొచ్చిన పిల్లలు మార్చిలో ఉన్నట్టు ఉండరు. పొడవు తక్కువైతే కింద రెండంగుళాలు లోపలికి మడిచి ఉంచుతాను కాబట్టి విప్పి దించుకోవచ్చు. భుజం దగ్గర బిగుతైతే మాత్రం ఏమీ చేయలేం, అక్కడ గుడ్డ ఉండదు.

జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అన్నప్పుడు ముందురోజంతా గుండీలు, జిప్పులు, తెగిన ఎలాస్టిక్‌లే. వాటికి డబ్బు తీసుకోలేదు, ఇకముందు కూడా తీసుకోను. ఆగస్టు 15 పని మాత్రం నాకు పండగలా అనిపించింది. 1921లో పింగళి వెంకయ్యగారు మన బెజవాడలోనే గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారని, దానినుంచి వచ్చిన పాత జెండా పిల్లలకి చూపించాలని హెడ్మాస్టరుగారు అడిగారు. తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు గుడ్డలు వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో తెచ్చాం. దాని మీది రాట్నం బొమ్మ మెషిన్ మీద రాలేదు. చక్రం ఆకులు ఒక్కొక్కటీ చేత్తో కుట్టాను, రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడది ఐదో తరగతి గది గోడకి ఉంది, వెళ్లినప్పుడు చూడండి.

కుట్టుకూలి ఈ టర్మ్‌లో పెంచలేదు. జనవరి నుంచి జతకి 20 రూపాయలు పెంచాల్సి వస్తోంది. కాజాలు వేసే అమ్మాయికి ఇచ్చేది చాలడం లేదు, తను మానేస్తే నేను ఒక్కదాన్నే ఈ పని లాగలేను. ఇబ్బంది ఉన్నవాళ్లు ఒక్క మాట చెప్పండి, పాత రేటే తీసుకుంటాను.

మూలా నక్షత్రం రోజు పిల్లల్ని దుర్గమ్మ కొండమీదికి తీసుకెళ్తాం కాబట్టి షాపు ఉండదు. మిగతా సెలవుల్లో పొద్దున పది నుంచి ఉంటాను. కింద మడత దించాల్సినవి, చిరిగినవి ఇప్పుడే తెచ్చేయండి, బడి తెరిచేలోగా ఇచ్చేస్తాను. 47 నంబరు టాకా ఉన్న ఫ్రాకు జూలై నుంచి హ్యాంగర్ మీదే ఉంది, ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి. పాపకి పొట్టిదైతే మడత విప్పి ఇస్తాను.