కూరలో ఉప్పు ఒక్కటే లెక్క కాదు

కోనసీమ పల్లెల్లో అధిక రక్తపోటును తల తిరిగినప్పుడే గుర్తుకొచ్చే జబ్బుగా చూడటం ప్రమాదకరం. పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే అది గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అయినా 140/90 దాటినవారు సైతం కాస్త నెమ్మదించగానే మాత్రలు మానేయడం మా చుట్టుపక్కల తరచూ చూస్తున్నాను. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఉప్పుచేపలతో సాగే మన భోజనంలో కూరలో వేసిన ఉప్పు ఒక్కటే లెక్కకు వస్తోంది. ఆవకాయను పూర్తిగా మానాలని కాదు, పూటపూటా వద్దని నా మనవి. ఆరోగ్య సిబ్బంది 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ క్రమం తప్పకుండా రక్తపోటు చూసి, నిల్వ పదార్థాల్లోని ఉప్పు గురించి వంట చేసేవారికే నేరుగా వివరించాలి. పంచాయతీలు కాలువ గట్లపై తుప్పలు కొట్టించి, దీపాలు పెట్టించి, జనం నడిచేందుకు వీలు కల్పించాలి.

– ఒక పాఠకురాలు, రాజోలు