పాత బట్టలు కాదు, ఈసారి మీ కానుక కావాలి: కెన్యా మిషన్ టీమ్ కోసం విజ్ఞప్తి

సంఘ పెద్దలకు, అన్నలకు, అక్కలకు, యవ్వనస్తులకు ప్రభువు నామంలో వందనాలు.

మన మిషన్ టీమ్ మళ్లీ కెన్యా వెళ్తోంది. కిసుము దగ్గర విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న అదే పల్లె సంఘానికి, అక్కడి ఆడవాళ్ల కోసం మొదలైన అదే కుట్టు క్లాసుకి. ఆరాధనలో ప్రకటన చేసిన దగ్గర్నుంచి చర్చి ఆఫీసుకి బట్టల మూటలు వస్తూనే ఉన్నాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మరీ తెస్తున్నారు, మీ ప్రేమకి కమిటీ తరఫున నిండు మనసుతో కృతజ్ఞతలు. కానీ దయచేసి ఇక బట్టలు తేవద్దు. ఇప్పటిదాకా వచ్చినవి ఇక్కడే సికింద్రాబాద్‌లో అవసరం ఉన్న కుటుంబాలకి ఇస్తాం. కెన్యాకి మాత్రం డబ్బు అడుగుతున్నాం, ఎందుకు అడుగుతున్నామో తెలుసుకునే హక్కు ఇచ్చే ప్రతి ఒక్కరికీ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

అక్కడ ఏ సంతకి వెళ్లినా పాత బట్టల గుట్టలే కనిపిస్తాయి. మితుంబా అంటారు. యూరప్ నుంచి, చైనా నుంచి, ఇంకా చాలా దేశాల నుంచి బేళ్లకు బేళ్లు ఓడల్లో మొంబాసా రేవుకి వస్తాయి, నైరోబీలో గికొంబా అని వీటికే పేరుపడ్డ పెద్ద మార్కెట్ ఉంది, అక్కడి నుంచి పల్లెల దాకా చేరతాయి. ఆఫ్రికా అంటే ఒంటి మీద బట్ట కూడా లేని పిల్లలే ఉంటారనుకుని వెళ్లేవాళ్లకి ఇదే మొదటి ఆశ్చర్యం. బట్టలకి కొరత లేదు, కుట్టేవాళ్లకి పని కొరత. మంచి చొక్కా సంతలో చౌకగా దొరుకుతుంటే కొత్తది కుట్టించుకునేదెవరు? అలాంటి చోట దర్జీకి నమ్మకంగా మిగిలే గిరాకీ స్కూల్ యూనిఫాం ఒక్కటే. అక్కడ 2003 నుంచి ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో ఫీజు ఎత్తేశారు, కానీ యూనిఫాం తల్లిదండ్రులే కొనాలి, తల్లిదండ్రులు లేని పిల్లలైతే అమ్మమ్మలు, నానమ్మలు కొనాలి, అది కొనలేక బడి మానేసే పిల్లలు ఉన్నారు. అందుకే మన ప్లాన్ చాలా సూటిగా ఉంది: కాలితో తొక్కే కుట్టు మిషన్లు కిసుములోనే కొని, గుడ్డ కూడా అక్కడి షాపులోనే తీసుకుని, క్లాసు నేర్చుకున్న అక్కలకి కూలి ఇచ్చి యూనిఫాంలు కుట్టించి, ఆ పిల్లలకి ఇవ్వడం. మిషన్ పాడైతే బాగుచేసే మెకానిక్ కూడా అక్కడివాడే, స్పేర్ పార్టు కోసం మన జనరల్ బజార్‌కి రానక్కర్లేదు.

ఇక అక్కడ మన వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది సఫారీ, సింహాలు అనుకుంటున్నారు. పొద్దున్నే ఒక బేసిన్ నీళ్లతో స్నానం. రేకుల కప్పు మీద పడ్డ వాన నీటిని ట్యాంకులో పట్టుకుని వాడుకునే ఇళ్లు అవి, మనం ఎక్కువ వాడితే వాళ్లకి తక్కువవుతుంది. టైమ్ విషయంలో కొత్తవాళ్లు తప్పకుండా కంగారుపడతారు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా దాదాపు ఒకే వేళకి పొద్దు పొడుస్తుంది, స్వాహిలి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది, మన ఉదయం ఏడు వాళ్లకి ఒంటిగంట. రెండు గంటలకి ప్రార్థన కూడిక అని స్వాహిలిలో చెప్తే ఉదయం ఎనిమిదికల్లా కూర్చుని ఉండాలి. భోజనం అంటే ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, పక్కన సుకుమా వికి అనే ఆకుకూర, ఒమెనా అనే చిన్న చేపలు, చూస్తే అచ్చం మన ఎండు మెత్తళ్లే, మన వాళ్లు అన్నం మాటే ఎత్తలేదు. అతిథులకని ప్రత్యేకంగా చేసేది ఏంటో తెలుసా, చపాతీ! మొంబాసా నుంచి కిసుము దాకా రైలు మార్గం వేయడానికి 1896 నుంచి 1901 వరకు బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి వేల మంది కూలీలను తీసుకెళ్లారు, వాళ్లతో, వాళ్ల వెనకాల వెళ్లిన వ్యాపారులతో మన తిండి అక్కడ స్థిరపడిపోయింది.

ఆదివారం సంగతి ఒకటి తప్పక చెప్పాలి. డబ్బు లేనివాళ్లు కానుకగా గుడ్లు, కోడి, అరటి గెల, మొక్కజొన్నలు తెస్తారు, ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద వేలం వేస్తారు. మన కోతకాల పండుగలో ఏడాదికోసారి చేసేది వాళ్లు మామూలు ఆదివారాల్లోనూ చేస్తారు. ఒక పెద్దాయన కోడిని పాడుకుని, డబ్బు కట్టి, ఆ కోడిని తిరిగి తెచ్చినావిడకే ఇచ్చేశాడు. కుట్టు క్లాసు షెడ్డు రేకులు ఆ వేలం డబ్బుతోనే వేసుకున్నారు. కాబట్టి మనం ఏమీ లేనివాళ్లకి దానం చేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు, వాళ్లు ముందే తమ వంతు పెట్టారు, మిగతాదానికి మన చెయ్యి కావాలి.

టీమ్‌లో మన నర్సు అక్కలు ఇద్దరు ఉన్నారు, వాళ్ల పని దోమతెరలు, జ్వరాల గురించి తల్లులతో మాట్లాడటం. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. ఆ సరస్సు చుట్టుపక్కల ఇవాళ్టికీ ఆ జ్వరంతో పసిపిల్లలు చనిపోతున్నారు. 2019లో పిల్లలకి మలేరియా టీకా మొదట ఇచ్చిన ప్రాంతాల్లో పశ్చిమ కెన్యా కూడా ఉంది, అయినా తెర లేకుండా పడుకునే పిల్లలు ఎంతోమంది. దోమతెరలు కూడా అక్కడే కొంటాం.

ఇప్పుడు డబ్బు లెక్క. విమానం టికెట్లు, వీసా బదులు తీసుకునే ఈటీఏ, నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేయించుకునే ఎల్లో ఫీవర్ టీకా, ఇవన్నీ టీమ్ సభ్యులు సొంత డబ్బుతో పెట్టుకుంటారు. మీ విరాళంలోంచి ఒక్క రూపాయి కూడా వీటికి వెళ్లదు. మీరిచ్చేది కుట్టు మిషన్లకి, గుడ్డకి, కుట్టుకూలికి, దోమతెరలకి, మనల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాల వంట ఖర్చుకి. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అంతమందికి రెండు పూటలా వండిపెట్టి వాళ్లు అప్పులపాలు కాకూడదు. అక్కడ చెల్లింపులన్నీ ఎం-పెసా అనే ఫోన్ చెల్లింపుల పద్ధతిలో, 2007 నుంచి ఉంది, మామూలు కీప్యాడ్ ఫోన్‌లో కూడా నడుస్తుంది, కూరగాయల అవ్వ కూడా అందులోనే తీసుకుంటుంది. ప్రతి ఖర్చుకీ మెసేజ్ వస్తుంది కాబట్టి ఆ లెక్క మొత్తం టీమ్ తిరిగొచ్చాక నోటీసు బోర్డు మీద పెడతాం.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే పడాలి, ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌కి పంపవచ్చు. స్వెటర్ పెట్టుకోండి, నైరోబీ 1,600 మీటర్లకు పైన ఉంది, జూలైలో చలి గట్టిగా ఉంటుంది. స్త్రీల సమాజం అక్కలూ, మీరు చేసే పొడులు, పచ్చళ్లు స్టీలు డబ్బాల్లోనే ఇవ్వండి, 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం.

విరాళం ఐదు వందలైనా పర్వాలేదు, యాభై అయినా పర్వాలేదు. పిల్లలు హుండీ పగలగొట్టి తెచ్చినా రసీదు రాసిస్తాం. ఆదివారం రెండు ఆరాధనల తర్వాత కోశాధికారి అన్న ఆఫీసులో ఉంటారు, గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టాం, నోట్‌లో కెన్యా అని రాయండి, లేకపోతే మామూలు కానుకల్లో కలిసిపోతుంది. దీనికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ముందే చెబుతున్నాం. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మన సంఘానికి లేదు కాబట్టి అమెరికా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మీ పిల్లల నుంచి నేరుగా డబ్బు తీసుకోలేం, వాళ్ల ప్రార్థన చాలు. కుట్టు పని వచ్చి, టీమ్‌తో రావాలని ఉండి, టికెట్ పెట్టుకోలేనివాళ్లు సిగ్గుపడకుండా కమిటీలో ఎవరికైనా విడిగా చెప్పండి, దానికి వేరే దాతలు ముందుకొచ్చారు. ఈ నెల ఆఖరి ఆదివారం వరకు విరాళాలు తీసుకుంటాం, ఆ మరుసటి రోజే ఎన్ని మిషన్లు కొనగలమో అక్కడి పాస్టర్ గారికి ఫోన్‌లో చెప్పాలి.