పట్నం పోదాం సరే, పిల్లల నిద్ర సంగతేంది?

సంపాదకులకు,

దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, 'రెండు రోజుల్లో హైదరాబాద్' అంటూ పత్రికల్లో పట్టికలు వస్తాయి. చార్మినార్, గోల్కొండ, జూపార్కు, సాలార్‌జంగ్, బిర్లామందిర్, ఫిల్మ్‌సిటీ అన్నీ అందులోనే. ఈడు మీదున్న కుర్రాళ్లకు అది సరిపోతుందేమో. చంకలో ఏడాదిన్నర బిడ్డ, వేలు పట్టుకుని నాలుగేళ్ల పిల్లాడు ఉన్న నల్లగొండ, పాలమూరు ఇళ్లకు మాత్రం ఆ పట్టిక పనికిరాదు. రెండు రోజులకు మూడే చోట్లు పెట్టుకోవాలి: మొదటిరోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి. మొదటిరోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా గదిలో పండుకోవడమే. ఆ నిద్ర తప్పితే సాయంత్రం ఆరుకల్లా రాగం మొదలవుతుంది, రాత్రి అన్నం ముట్టరు, మర్నాడు కూడా పాడవుతుంది.

ముందు వారం చూసుకోవాలి. జూపార్కుకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం రెండూ తెరిచే ఉంటాయి గానీ జూలో పిల్లల కంటికి జంతువుల కన్నా జనమే ఎక్కువ కనబడతారు. బడి సెలవుల్లో పోయేవాళ్లకు బుధ, గురువారాలు మేలు.

ఏది ముందు, ఏది వెనక అన్నది ఏ దారిన వస్తున్నామన్న దాన్నిబట్టి ఉండాలి. ఈ సంగతి ఏ పట్టికలోనూ కనబడదు. పాలమూరు బస్సు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఆరాంఘర్ వస్తుంది. అక్కణ్నుంచి జూపార్కు సుమారు నాలుగు కిలోమీటర్లే. కాబట్టి వాళ్లు మొదటిరోజు జూ, రెండోరోజు సాలార్‌జంగ్ పెట్టుకోవాలి. ఒక జాగ్రత్త: ఆరాంఘర్ నుంచి జూ దాకా 2025 జనవరిలో ఫ్లైఓవర్ తెరిచారు. 'జూ దగ్గర దిగుదాంలే' అని కూర్చుంటే బస్సు పైనుంచి పోవచ్చు. కండక్టర్‌ను ముందే అడగండి, లేదా ఆరాంఘర్‌లోనే దిగి ఆటో ఎక్కండి. జూకు నేరుగా పోవాలంటే సామాను వీపుసంచికి మించకూడదు. నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కాలి. అది మొదటి స్టేషన్ కనుక సీట్లు దొరుకుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే నిలబడాల్సి రావచ్చు. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దగ్గర దిగితే సాలార్‌జంగ్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు. వీళ్లకు మొదటిరోజు మ్యూజియం, రెండోరోజు జూ.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఇద్దరికీ ఒకటే మాట: ఎంజీబీఎస్‌కే పోయి బస్సెక్కండి. ఎల్బీనగర్, ఆరాంఘర్ వచ్చేసరికి బస్సులు నిండిపోతాయి. అరగంట మిగులుతుందని అక్కడ నిలబడితే నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకుని రెండు గంటలు నిలువుకాళ్ల మీద రావాల్సి ఉంటుంది.

టికెట్ల సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు సున్నా టికెట్. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండేళ్ల దాకా అర టికెట్. అయితే సెలవు రోజుల్లో ఎక్స్‌ప్రెస్‌లో సీటు గ్యారంటీ లేదు. చంటిబిడ్డ ఉంటే ఆ రోజుకు ఉచితం సంగతి మరిచిపోయి, డబ్బు పెట్టి డీలక్సో సూపర్ లగ్జరీయో ముందుగా రిజర్వ్ చేసుకోవడమే తెలివి. వాంతులయ్యే పిల్లలుంటే పాలమూరు నుంచి కాచిగూడ రైలు ఇంకా మంచిది.

బస్సులో వాంతులకు సగం కారణం ఫోనే. కళ్లేమో కదలని తెరను చూస్తుంటాయి, చెవి లోపలి భాగమేమో ఒళ్లు ఊగుతోందని చెబుతుంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా ఉన్న గుట్టలు చూపించాలి. బయల్దేరే ముందు గ్లాసెడు పాలు తాగించడం పెద్ద పొరపాటు. గంట ముందు ఒక ఇడ్లీయో రెండు బిస్కెట్లో చాలు. చిరిగిపోని కవర్లు నాలుగు, తడిగుడ్డ ఒకటి చేతికందేలా పెట్టుకోవాలి, పై అరలో కాదు.

సద్ది కట్టుకునేవాళ్లు పెరుగన్నం కలిపే తీరు మార్చాలి. పొద్దున పెరుగు పోసి కలిపితే మధ్యాహ్నానికి పులిసి పిల్లలు మూతి తిప్పుకుంటారు. మెత్తగా వండిన గిన్నెడు అన్నంలో గోరువెచ్చటి పాలు ఒక గ్లాసు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి, ఉప్పు వేసి డబ్బాలో పెట్టండి. పన్నెండింటికి కమ్మగా తోడుకుని ఉంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు విరుగుతుంది, అది చూసుకోవాలి.

మందుల సంచిలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు కుదరవు. దుకాణంలో అమ్మే తియ్యటి రసం డబ్బాలు దానికి బదులు కావు. రెండోది జ్వరం సిరప్. పారాసిటమాల్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సీసాలూ ఉన్నాయి, 250 మి.గ్రా. ఉండేవీ ఉన్నాయి. ఇంట్లో వాడే మోతాదునే పట్నంలో కొన్న కొత్త సీసాతో పోస్తే రెట్టింపు పడొచ్చు. బిడ్డ బరువును బట్టి డాక్టర్ రాసిన సీసానే వెంట పెట్టుకోండి.

లాడ్జీకి ఫోన్ చేసినప్పుడు అద్దె ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. లిఫ్ట్ పనిచేస్తుందా, వేడినీళ్లు ఏ టైములో వస్తాయి, మంచాన్ని గోడకు జరపొచ్చా, ఐదేళ్లు దాటిన పిల్లలకు అదనపు పరుపు డబ్బు తీసుకుంటారా? ఇరవై నాలుగు గంటల చెకౌట్ మంచిదని చాలామంది అనుకుంటారు. ఈ ప్రయాణానికి మాత్రం పగలు పన్నెండు నుంచి పన్నెండు దాకా ఇచ్చే గదే కలిసొస్తుంది. నల్లగొండ వాళ్లు పొద్దున సంచులు రిసెప్షన్‌లో పెట్టి పోతే, పిల్లల నిద్రవేళకు గది చేతికొస్తుంది. మర్నాడు పొద్దున్నే జూ చూసి వచ్చి పన్నెండులోపు ఖాళీ చేయొచ్చు.

జూ 380 ఎకరాలు. నడిపించి మొత్తం చూపిద్దామనుకుంటే సగానికే ఎత్తుకోమంటారు. తలుపులు తీసే వేళకే చేరుకుని, ముందు బ్యాటరీ బండి ఎక్కి, పులి, ఏనుగు, జిరాఫీ లాంటి పెద్ద జంతువులు చూసి, చివర టాయ్ ట్రైన్. పొద్దెక్కితే జంతువులు నీడకు పోయి పడుకుంటాయి. రాత్రి తిరిగే జంతువుల గది లోపల చీకటి. మూడేళ్లలోపు పిల్లలు జడుసుకుంటారు, వదిలేయండి.

సాలార్‌జంగ్‌లో గదులన్నీ తిరగొద్దు. బొమ్మలున్న గది, తర్వాత గంటల గడియారం. అందులో కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి కొడుతూ ఉంటుంది. గంట గంటకూ గడ్డపాయన బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. పన్నెండు గంటలప్పుడు పన్నెండు దెబ్బలు కనుక జనం అప్పుడే ఎక్కువ. పావుగంట ముందే పోయి ముందు వరుసలో కూర్చుంటే పిల్లలకు కనబడుతుంది, లేకపోతే వాళ్ల కళ్లెదుట పెద్దవాళ్ల వీపులే.

సాయంత్రానికి లక్డీకాపూల్ మెట్రోలో దిగి ఆటోలో లుంబినీ పార్కు. పడవలో బుద్ధుడి దగ్గరకు పోయేటప్పుడు లైఫ్ జాకెట్ పిల్లల సైజుదే అడిగి తీసుకోండి. పెద్దది వేస్తే మెడలోంచి జారుతుంది. ఆ బుద్ధుడి రాయి మన భువనగిరి దగ్గరి రాయగిరిది. 1990లో తీసుకుపోతుంటే విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో మునిగింది, 1992లో పైకి తీశారు. ఐదారేళ్ల పిల్లలకు ఈ కథ చెబితే పడవలో కదలకుండా కూర్చుంటారు.

గోల్కొండ ఈసారికి వద్దు: పైకి 360 దాకా మెట్లు, నీడ తక్కువ. చార్మినార్‌కు 15 ఏళ్లలోపు టికెట్ లేదు గానీ లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు. బిడ్డను ఎత్తుకుని ఎక్కడం ప్రమాదం. కింద నుంచి చూపిస్తే చాలు. ఫిల్మ్‌సిటీ రోజంతా పట్టేది, అది వేరే ప్రయాణం.

మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్‌కు (నాంపల్లి ఎగ్జిబిషన్) తీసుకుపోయేవాళ్లు లోపలికి పోకముందే ఆ రోజు బట్టలతో బిడ్డ ఫొటో తీసుకోండి, ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబర్ రాయండి. తప్పిపోతే ముందు అక్కడి పోలీసులకు, తర్వాత చైల్డ్‌లైన్ 1098కి చెప్పండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్టాండ్లలో పట్నం బస్సులు ఆగే ప్లాట్‌ఫారం దగ్గర జూ, మ్యూజియాల సెలవు దినాలు రాసిన బోర్డు ఒకటి ఆర్టీసీ పెట్టాలి. సోమవారం పూట పిల్లలతో జూ గేటు దాకా పోయి తిరిగొచ్చే కుటుంబాలకు ఆ ఒక్క బోర్డు చాలు. మీరు కూడా సెలవుల పట్టిక వేసేటప్పుడు ప్రతి చోటు పక్కన సెలవు రోజు, మెట్ల లెక్క, తల్లి బిడ్డకు పాలిచ్చే గది ఉందో లేదో అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు, నల్లగొండ