మంత్రిగారూ, మేం ఏ శాఖ కిందకి వస్తామో అదొక్కటి చెప్పండి

ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, మసాజ్ థెరపిస్టులకి లైసెన్స్ ఇవ్వండి, ఒక రిజిస్టర్ పెట్టండి అని మేం ఇచ్చిన అర్జీలు మీ దగ్గర ఏదో ఫైల్లో ఉండే ఉంటాయి, వాటిలో ఏముందో మళ్ళీ చెప్పను. ఒడియాలో రాసిచ్చాం, ఇంగ్లీషులో టైప్ చేయించి ఇచ్చాం, గ్రీవెన్స్ రోజు లైన్లో నిలబడి ఆగ్యాం ఆగ్యాం (అయ్యా అయ్యా) అంటూ చేతికే ఇచ్చాం. స్టాంపు మాత్రం బాగా పడింది. అందుకే ఈసారి తెలుగులో రాస్తన్నాను, మీరు చదవకపోయినా మావాళ్ళైనా చదువుతారు.

నాది స్పా థెరపిస్ట్ కోర్సు, కేంద్రం స్కిల్ స్కీం కింద నేర్చుకున్నదే, సర్టిఫికెట్ మీద ప్రభుత్వం ముద్ర కూడా ఉంది, ల్యామినేషన్ చేయించి షాపు గోడకి పెట్టాను. అది పట్టుకుని ట్రేడ్ లైసెన్స్‌కి వెళ్తే వాళ్ళ కంప్యూటర్ లిస్టులో బ్యూటీ పార్లర్ ఉంది, జిమ్ ఉంది, పిండి మర ఉంది, మసాజ్ లేదు. సీట్లో ఉన్న గుమాస్తా బాబు "పార్లర్ అని కొట్టేద్దాం దీదీ, ఏటి తేడా" అని కొట్టేశాడు. తర్వాత చెకింగ్‌కొచ్చిన పోలీసులు అదే కాగితం చూసి "పార్లర్ అని తీసుకుని లోపల మంచం ఎందుకేశావ్" అన్నారు. అది మంచం కాదండీ, మసాజ్ టేబుల్, బోర్లా పడుకుంటే ముఖం పెట్టుకోడానికి కన్నం ఉంటాది, ఆ కన్నం చూపించినా నమ్మలేదు. లోపలున్నావిడ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవక వచ్చిన మనిషి, టవల్ కప్పుకుని ఓ మూల ఏడుస్తూ కూర్చుంది. వ్యభిచారాన్ని అరికట్టే 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం కింద సోదాకి వస్తే కనీసం ఇద్దరు ఆడ పోలీసులు వెంట ఉండాలని ఆ చట్టంలోనే ఉంది, ఆ రోజు ఒక్కరూ లేరు. ఏమీ దొరకలేదు, కేసూ లేదు. కానీ షాపు ముందు జీపు ఆగింది కదా, వీధికి అది చాలు. ఆవిడ మళ్ళీ రాలేదు.

తప్పుడు పనులు చేసే స్పాలు లేవని నేననను. ఉన్నాయి, మాకంటే బాగా నడుస్తన్నాయి కూడా. వాళ్ళ బోర్డు మీదా మసాజే, మా బోర్డు మీదా మసాజే, ఎవరేంటో చెప్పే రిజిస్టరే లేకపోతే పోలీసులకి మాత్రం ఎలా తెలుస్తాది?

హెల్త్ వాళ్ళని అడిగితే ఇది వైద్యం కాదంటారు, ఆయుష్ వాళ్ళు ఆయుర్వేదంలో పంచకర్మ చికిత్స అయితే చూద్దామంటారు, లేబర్ వాళ్ళు మళ్ళీ ట్రేడ్ లైసెన్స్ దగ్గరకే పొమ్మంటారు. 2021లో డాక్టర్లు కాని వైద్య వృత్తులవాళ్ళ గుర్తింపుకని అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, ఫిజియోథెరపీ వాళ్ళకి దారి దొరికింది, సంతోషం, ఆ పట్టికంతా వెతికితే మా పేరు నాకు కనపడలేదు. చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీంలో 18 వృత్తులున్నాయి, క్షవరం చేసేవాళ్ళు, పూలదండలు కట్టేవాళ్ళు, చేపల వలలు అల్లేవాళ్ళు, వాళ్ళకి 15,000 టూల్‌కిట్ సాయం, మాలిష్ చేసేవాళ్ళకి లేదు. ఒక్క జీఎస్టీ లెక్కలోనే మాకు చోటుంది, సెలూన్లు జిమ్ములతో పాటు 18 శాతాన్ని 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 చేశారు. పన్నుకి కనపడినోళ్ళం లైసెన్స్‌కి ఎందుకు కనపడం సార్?

ఇదేదో షోకు వ్యవహారం అనుకోకండి. మా గంజాం మగాళ్ళు సూరత్ పవర్‌లూమ్‌ల్లో షిఫ్టంతా నిలబడి నడుములు పోగొట్టుకుని వస్తారు, వాళ్ళ ఆడాళ్ళు ఇక్కడ బరువులు మోసి మోసి మా దగ్గరకొస్తారు. పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటే దాన్ని పిసకకూడదు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే మనిషే పోవచ్చు. అలాంటోళ్ళని నేను ముట్టుకోను, ముందు డాక్టర్‌కి చూపించుకో అమ్మా అని పంపించేస్తాను. ఇది తెలీకుండా కాలు పట్టేవాళ్ళు, మెడ పట్టుకుని టక్కుమనిపించేవాళ్ళు సంతలో కూడా ఉన్నారు, మీ లెక్కలో వాళ్ళూ నేనూ ఒకటే.

కేరళలో టూరిజం శాఖ ఆయుర్వేద సెంటర్లకి గుర్తింపు ఇస్తాది. న్యూయార్క్‌లో అయితే వెయ్యి గంటలు చదివి, పరీక్ష పాసైతేనే లైసెన్స్ అట. మాకూ పెట్టండి పరీక్ష, రాస్తాం. ఫీజు కట్టమంటే కడతాం. ఇన్‌స్పెక్షన్‌కి చెప్పకుండా రండి, కాకపోతే లోపల ఆడమనిషి ఉంటాది, తలుపు కొట్టి రండి. ఆరోగ్య శాఖో, స్కిల్ శాఖో, టూరిజమో, ఎవరి కిందో మీలో మీరు తేల్చుకుని ఆ కంప్యూటర్ లిస్టులో ఒక్క లైను చేర్పించండి సార్, దండం పెడతాను. రిజిస్టర్ పెట్టండి, కార్డులివ్వండి, లేదంటే ఇవ్వం అని అదైనా రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే నెల నా షాపు అగ్రిమెంట్ అయిపోతాది, ఓనర్ ఈసారి మసాజ్ అని రాసున్న లైసెన్స్ చూపిస్తేనే సంతకం పెడతానంటన్నాడు, కాబట్టి కొంచెం తొందరగా చూడండి.

ఇట్లు,
గంజాం జిల్లా నుంచి ఒక మసాజ్ థెరపిస్ట్