బెంగళూరులో నాటకం నేర్చుకుంటున్న అమ్మాయికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమంగానే ఉన్నాము. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. రాజేశ్వరి అత్త పోయిన ఆదివారం వచ్చి, సాయంత్రం దాకా ఉండి వెళ్ళింది. మన రవి నిన్ను బుధవారం మిట్టమధ్యాహ్నం జె.పి. నగర్‌లో రంగశంకర నాటకశాల క్యాంటీన్‌లో చూశాడని ఆమె చెబితేనే తెలిసింది. చేతిలో కాగితాల కట్ట పెట్టుకుని ఎవరితోనో తీవ్రంగా మాట్లాడుతున్నావట, పలకరించబోయి ఊరుకున్నాడట. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు ఉండాలి కదా అని అమ్మ అన్నది. సెలవు పెట్టుకుని ఉంటుందని నేను సర్దిచెప్పాను. దీపావళికి వచ్చి వెళ్ళినప్పటి నుంచి “బాగున్నాను, వర్క్‌షాప్‌లో ఉన్నాను” అన్న మాట తప్ప నీ దగ్గరి నుంచి మరే కబురూ లేదు కనుక, ఆ వర్క్‌షాప్‌ల గురించే నాకు తోచిన నాలుగు మాటలు వ్రాద్దామని కూర్చున్నాను.

రంగశంకర అంటే నాకు గౌరవం. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ 1990లో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన తరువాత, ఆయన కన్న కలను పట్టుకుని ఆయన భార్య అరుంధతీ నాగ్ గారు ఏళ్ళ తరబడి శ్రమించి 2004లో ఆ రంగస్థలాన్ని తెరిచారు. సోమవారం తప్ప మిగిలిన రోజుల్లో అక్కడ నాటకం ఉంటుందనీ, వేళ మించితే ఎంతటివారినైనా లోపలికి పంపరనీ నువ్వే ఒకప్పుడు ఉత్సాహంగా చెప్పావు. అటువంటి క్రమశిక్షణ ఉన్న చోట మసలుతున్నావంటే సంతోషమే. అయితే నీకు నేర్పుతున్నది అక్కడేనా, లేక అక్కడ ఊరికే కలుసుకుంటున్నారా అన్నది నీ మాటల్లో తెలియలేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, వర్క్‌షాప్ అన్న పేరు ఇప్పుడు అన్నింటికీ పెడుతున్నారు. శని ఆదివారాలు రెండు పూటలు ఆటలు ఆడించి, అద్దంలో బొమ్మలాగా ఎదుటివాడు చేసినట్టే చేయమని చెప్పి, చివర గుండ్రంగా కూర్చోబెట్టి అనుభవాలు చెప్పించి పంపేదీ వర్క్‌షాపే. కర్ణాటకలోని హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణ గారు స్థాపించిన నీనాసం నాటక సంస్థలో నెలల తరబడి అక్కడే ఉండి, నటనతో పాటు రంగాలంకరణ, దీపాలు, ఆహార్యం, నాటక చరిత్ర నేర్చుకునేదీ శిక్షణే. ఒక పోకచెట్ల పల్లెలో 1949లో మొదలైన సంస్థ అది. 1980లో నాటక విద్యాలయం పెట్టారు. పుదుచ్చేరి పక్కన వీణాపాణి చావ్లా గారు పెంచిన ఆదిశక్తి నాటక సంస్థలో, కేరళ వారి ప్రాచీన సంస్కృత నాటక రీతి కూడియాట్టం నుంచి తీసుకున్న శ్వాస సాధనతో నటుడి ఒంట్లో భావం ఎలా పుడుతుందో చూపిస్తారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వారి బెంగళూరు కేంద్రంలో ఏడాది కోర్సు ఉంది. వీటిలో ఏది ఎవరికి పనికివస్తుందన్నది ఆ మనిషి అవసరాన్ని బట్టి ఉంటుంది. నీది ఏ రకమో, ఎన్నాళ్ళో, రుసుము ఎంతో నువ్వు వ్రాయలేదు. పగటిపూట జరిగేదైతే ఆఫీసుకు ఏమని చెప్పావో కూడా వ్రాయలేదు.

నాట్యశాస్త్రం శరీరంతో చేసే ఆంగికం, మాటతో చేసే వాచికం, వేషంతో చేసే ఆహార్యం, లోపలి భావంతో పుట్టే సాత్త్వికం అని అభినయాన్ని నాలుగుగా చెప్పింది. మొదటి మూడింటిలోనూ కొన్ని మెలకువలను కొద్దిరోజుల్లో చూపించవచ్చు. నాలుగోది మాత్రం చెబితే వచ్చేది కాదు. ఎవరో ఒకరు నిన్ను ఎన్నోసార్లు చూసి, “ఇది అబద్ధం, ఇది నిజం” అని చెబుతూ పోతే మెల్లగా తెలిసివస్తుంది. అందుకే ఏ శిబిరంలో చేరబోయే ముందైనా నేను అడగమనే మాట ఒక్కటే: ఈ నేర్పేవారు మళ్ళీ ఎప్పుడైనా నన్ను చూస్తారా? చూడరంటే అక్కడ ధారాళంగా డబ్బు ఖర్చు పెట్టవద్దు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. సంజీవి బాబాయి గొంతు పోయిన కథ నువ్వు చిన్నప్పుడు సగం విన్నావు. అసలు విషయం ఆ తరువాతి సగంలో ఉంది. ఐ.సి.ఎఫ్. (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) కాలనీలో మా తెలుగువాళ్ళం ఏటా పద్య నాటకం వేసేవాళ్ళం, నేను తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పేవాడిని. ఆ ఏడు పోటీలకు బాబాయిది దుర్యోధనుడి వేషం. గొంతు గట్టిది కనుక ఎంత పైకి పాడితే అంత గొప్ప అనుకుని, షిఫ్టు దిగి వచ్చి రాత్రిళ్ళు మేడ మీద పద్యాలు అందుకునేవాడు. ఆపి నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అందరం భేష్ అన్నవాళ్ళమే. ప్రదర్శన నాడు మొదటి పద్యానికి వన్స్‌మోర్ వచ్చింది. రెండోసారి పాడి, తరువాతి పద్యం ఎత్తుకునేసరికి నోరు తెరుచుకుంది కాని శబ్దం రాలేదు. మరిచిపోయాడేమోనని నేను రెండో పాదం అందించాను. మళ్ళీ అందించాను. ఆయన నా వైపు తిరిగి, మెడ నరాలు ఉబ్బి, చేత్తో గొంతు పట్టుకుని చూశాడు. హార్మోనియం వాయించే ఆయన కాసేపు అదే స్వరం పట్టుకుని ఆపై వదిలేశాడు. తెర వేయించాము.

మరుసటి వేసవిలో ఏలూరు నుంచి ఒక మాస్టారిని పిలిపించి కాలనీ హాల్లో శిక్షణ పెట్టించాము. వర్క్‌షాప్ అన్న మాట అప్పుడు మాకు తెలియదు. ఆయన వచ్చిన రోజున బాబాయి పద్యం వినిపించబోతే వద్దని, వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టి, అది పైకి లేచి దిగేలా గాలి పీల్చమన్నారు. చాలా రోజులు అదే పని. తరువాత పద్యాన్ని రాగం లేకుండా మామూలు మాటలుగా చెప్పమన్నారు. ఏ మాట దగ్గర దుర్యోధనుడికి కోపమో, ఏ మాట దగ్గర భయమో విడదీయించారు. నన్నూ వదలలేదు, గుసగుసగా చెప్పిన మాట చివరి బెంచీలో కూర్చున్నవాడికి వినపడేదాకా చెప్పించారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, ఆ పై ఏడాది ఆయన మళ్ళీ వచ్చారు. వచ్చీ రాగానే కాఫీ కూడా పుచ్చుకోకుండా, “సంజీవీ, ఆ పద్యం మాటల్లో చెప్పు” అన్నారు. బాబాయి చెప్పాడు. ఒక చోట ఆపి మళ్ళీ చెప్పమన్నారు. బాబాయి గొంతు పూర్వపు ఎత్తుకు మళ్ళీ చేరలేదు, అయినా ఆయన నటుడైనది ఆ తరువాతే. మనకు ఆ మాస్టారు వంటివారు కావాలి. బెంగళూరులో నీకు అటువంటివారు దొరికారా?

నువ్వు నాటకం వ్రాస్తున్నావని కూడా విన్నాను. చేతిలో ఉన్న ఆ కాగితాల కట్ట అదేనా? రచయితలకు పెట్టే శిబిరాలు నాకు మరీ ఇష్టం. అసంపూర్తిగా ఉన్న ప్రతిని నటుల చేత పైకి చదివించి, వ్రాసినవారిని మాట్లాడకుండా విననివ్వడం మంచి పద్ధతి. ప్రాంప్టింగ్ చెప్పినవాడిగా నేను గ్రహించినది ఇది: నటుడు ఎప్పుడూ ఒకే చోట మాట మరిచిపోతున్నాడంటే, చాలాసార్లు లోపం అతని జ్ఞాపకానిది కాదు, అక్కడ ఆ పాత్రకు ఆ మాట అనవలసిన అవసరం లేదు. నా ప్రతిలో అటువంటి చోట్ల ఎర్ర సిరాతో గీత పెట్టుకునేవాడిని. నువ్వూ చదివేవారు తడబడిన చోటల్లా గుర్తు పెట్టుకో. సమర్థించుకోవద్దు, వాదించవద్దు. రవి చెప్పినదాన్ని బట్టి నువ్వు వాదిస్తున్నట్టే ఉంది. దర్శకత్వం వైపు కూడా మనసు ఉంటే, నేల మీద సుద్దముక్కతో రంగస్థలం కొలతలు గీసుకుని నడిపించడం, ఒక్క దీపంతో ముఖం ఎలా మారుతుందో చూడడం ముందుగా నేర్చుకో. పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఆ తరువాత.

ఇంకొక మాట. బళ్లారిలో సరస వినోదిని సభ అనే నాటక సమాజం పెట్టిన నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు వకీలు. ఆయన మేనల్లుడు, పేరున్న నటుడు బళ్లారి రాఘవ పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఆ సభవారు చెన్నపట్నం వచ్చి ఆడిన తెలుగు నాటకాలు చూసి ఉత్తేజం పొంది, 1891లో సుగుణ విలాస సభ పెట్టి తమిళ రంగస్థలాన్ని మార్చిన పమ్మల్ సంబంధ ముదలియార్ గారు వకీలుగా ఉండి, తరువాత జడ్జి అయ్యారు. పగలు కోర్టు, సాయంత్రం రిహార్సల్. ఉద్యోగం వారి కళకు అడ్డం రాలేదు. అన్నం కోసం కళను తగ్గించుకోవలసిన అవసరం వారికి కలగలేదు. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు ఇల్లు విడిచి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరిన సంగతి నువ్వు ఎత్తుతావని నాకు తెలుసు. అదీ నిజమే. కాని ఆ వీరణ్ణ గారే ఆయనను కాశీకి పంపి చదివించారు. వెనక నిలబడి చూసుకునే పెద్దమనిషి ఒకరు ఆయనకు ఉన్నారు. ఒకవేళ నువ్వు ఉద్యోగం వదిలే ఆలోచనలో ఉంటే, లేదా ఇప్పటికే వదిలి ఉంటే, నీ వెనక నిలబడవలసింది మేము. ఆ విషయం రాజేశ్వరి అత్త నోటి నుంచి మాకు తెలియకూడదు.

అమ్మ అడగమన్నది కనుక వ్రాస్తున్నాను. రిహార్సళ్ళు రాత్రి ఎన్ని గంటలకు ముగుస్తున్నాయి? తిరిగి వచ్చేటప్పుడు తోడు ఎవరు? పనిచేసే చోట స్త్రీల రక్షణకు 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. నువ్వు చేరిన బృందం చిన్నదే అయినా, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరితో చెప్పుకోవాలో మొదటి రోజే అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నకు చిరాకు పడేవారి దగ్గర ఒక్క పూట కూడా ఉండవద్దు. నటనలో భాగంగా ముట్టుకోవలసి వస్తే ముందుగా అడిగి, నువ్వు సరేనన్నాకే చేయించాలి. ఈ మాట నేను నాన్నగా వ్రాయడం నీకు ఎబ్బెట్టుగా ఉన్నా సరే, చదివి మనసులో పెట్టుకో.

చన్నీళ్ళు తాగకు. గొంతు బొంగురుపోతే అరవడం కాదు, గుసగుసలాడడం కూడా మానేయాలి. గుసగుసతో గొంతు ఇంకా అలిసిపోతుంది. బండల మీద వ్యాయామం చేయిస్తున్నట్లయితే కింద చాప వేసుకో, నీ కుడి మోకాలికి పదో తరగతిలో తగిలిన దెబ్బ సంగతి నేర్పేవారికి చెప్పు. కడుపు నిండా తిన్న వెంటనే శ్వాస సాధన చేయకు, అలాగని పస్తులతో వెళ్ళకు. పార్సెల్‌లో అమ్మ శొంఠిపొడి, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి పెట్టింది. పచ్చడి సీసాకు రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టాను, నిలువుగా పట్టుకునే విప్పు. గది చిరునామా మారలేదు కదా? మారి ఉంటే వెంటనే ఫోన్ చేయి, కొరియర్ ఆఫీసులో చెప్పి మార్పిస్తాను.

శిబిరం చివర మీరంతా కలిసి ఏదైనా ప్రదర్శిస్తారేమో, ఆ తేదీ వ్రాయి. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నానికి వచ్చేస్తాను. అమ్మ కూడా వస్తానంటున్నది. ఈ నెల అద్దె కట్టావా, చేతిలో ఎంత ఉంది, ఆఫీసు సంగతి ఏమిటి అన్న మూడింటికీ జవాబు మాత్రం ఆదివారం లోపల ఫోన్‌లో చెప్పు. ఉదయం తొమ్మిది దాటాక చేయి, అప్పటికి నేను బజారు నుంచి వచ్చేస్తాను.

ఇట్లు,
నాన్న