గారె ప్లేటు మీద ఐదు రూపాయలు: మా హోటలు లెక్క

తిరుపతి లీలామహల్ కూడలి దగ్గర ఉన్న మా టిఫిన్ హోటలుకు రోజూ వచ్చే మీ అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి గారెలు, పూరీ ప్లేటు ధర 40 రూపాయల నుంచి 45 రూపాయలకు పెరుగుతుంది. ఇడ్లీ, పొంగలి, దోశ ధరలు మారవు. ఈ ముక్క బోర్డు మీద సుద్దతో రాసి ఊరుకుందామనే అనుకున్నాను. అయితే పోయిన వారం చాలా ఏళ్లుగా వస్తున్న ఒక పెద్దాయన గల్లా దగ్గర ఆగి, "క్రూడాయిలు తగ్గిపోయిందని టీవీలో చెప్తా ఉండారే, నువ్వేంది నాయనా పెంచతా ఉండావంట?" అని అడిగారు. అప్పుడు రద్దీగా ఉండటంతో చిల్లర చేతిలో పెట్టి పంపేశాను. ఆయనకు బాకీపడిన జవాబు ఇది.

క్రూడ్ (ముడి చమురు) ధర మా వంటింటికి నేరుగా రాదు. డీజిల్‌గా కొంత, గ్యాసుగా కొంత, వంటనూనె ద్వారా కొంత వస్తుంది, ఒక్కో దారిలో ఒక్కో విధంగా ఆగుతుంది. డీజిల్ సంగతే చూడండి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక రకం క్రూడ్ ధర ఏకంగా సున్నా కంటే కిందకు పడిపోయింది. అదే ఏడాది మార్చి, మే నెలల్లో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు మొత్తం 16 రూపాయలు పెంచడంతో, తగ్గిన ధర బంకు దాకా రాకుండా సుంకంలోనే కలిసిపోయింది. ఆ 16 రూపాయలను 2021 నవంబరులో 10, 2022 మే నెలలో 6 చొప్పున తగ్గించారు కానీ, రెండో విడత వచ్చేసరికి పీపా క్రూడ్ వంద డాలర్లు దాటి ఉంది. అక్కడి నుంచి 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గేదాకా, ప్రపంచంలో క్రూడ్ ఎన్ని మెట్లు ఎక్కి దిగినా, మన బంకుల్లో ధర దాదాపు కదల్లేదు. అందుకే క్రూడ్ తగ్గిన వార్త చూపించి లారీ బాడుగ తగ్గించమంటే సరుకు తెచ్చేవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

హోటళ్లవాళ్లం ప్రతిదానికీ డీజిల్‌ను సాకుగా చూపుతామన్న మాట కూడా అబద్ధం కాదు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు డీజిల్ ధర ఏడాదికి పైగా ఒకేచోట ఉంది. మదనపల్లె మార్కెట్టుకు కాయ తక్కువ వచ్చింది, అంతే. అప్పుడు మేము టమాటా చట్నీ మానేసి పల్లీల చట్నీతో నెట్టుకొచ్చాం. ఆ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే చాలామంది తిట్టారు.

గ్యాసు దారి వేరు. మేము వాడే 19 కిలోల సిలిండర్ ధరను సాధారణంగా ప్రతి నెలా ఒకటో తేదీన సవరిస్తారు. దేశానికి కావలసిన వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నందువల్ల, సౌదీ అరామ్కో సంస్థ నెలనెలా ప్రకటించే ప్రొపేన్, బ్యూటేన్ (వంటగ్యాసులో ఉండేవి ఇవే) ధరలకు అనుగుణంగా మా సిలిండర్ ధర కదులుతుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ మీద జీఎస్టీ 5 శాతమైతే మా సిలిండర్ మీద 18 శాతం. మీ బిల్లులో 5 శాతం పన్ను కట్టే మాబోటి హోటలుకు ఆ 18 శాతం తిరిగి రాదు, ఖర్చులోనే పోతుంది.

అసలు దెబ్బ మాత్రం బాండలిలో ఉంది. గారెలు, పూరీలు మేము పామాయిల్ నుంచి తీసే పామోలిన్‌లో వేయిస్తాం. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందులో పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. ఇండోనేషియాలో 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం పామాయిల్‌తో చేసిన ఇంధనం కలపాలని నిబంధన పెట్టారు. అంటే తిరుపతిలో గారె వేగాల్సిన నూనెతో అక్కడి లారీలు నడుస్తున్నాయి. క్రూడ్ పెరిగితే పామాయిల్‌కు ఇంధనంగా గిరాకీ పెరుగుతుంది కనుక దాని ధరా లేస్తుంది. క్రూడ్ తగ్గినా, తోటల్లో దిగుబడి తగ్గితేనో, ఇక్కడ దిగుమతి సుంకం పెరిగితేనో, ఆ తగ్గుదల మన దాకా రాదు. 2024 సెప్టెంబరులో శుద్ధి చేయని పామాయిల్ మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచి, 2025 మే చివర 16.5 శాతానికి తగ్గించారు. పెంచినప్పుడు మా దుకాణదారు మరుసటి ఉదయమే కొత్త ధర చెప్పాడు, తగ్గించినప్పుడు "పాత స్టాకు ఇంకా ఉంది" అన్నాడు.

అయితే నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె అప్పటికే కరువైంది. ఏ రోజు నూనె ఆ రోజే మార్చే అలవాటున్న నేను, ఆ రోజుల్లో ఒకసారి ముందురోజు నూనెనే వడకట్టి బాండలిలో పోయించాను. మూడో వాయికి నూనె మీద నురగ లేచి గారెలు కనిపించకుండా కమ్మేసింది. వంట మాస్టరు జల్లిగరిటెతో నురగను పక్కకు నెట్టి నా వంక చూశాడు, నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. కాసేపటికి ఒక తల్లి తన బిడ్డ ప్లేటు తెచ్చి, "ఒకసారి వాసన చూడన్నా" అని నా ముందు పెట్టింది. వేయించిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం మించకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఆ నూనెను కొలిస్తే ఎంత ఉండేదో గానీ, ముక్కుకు మాత్రం కొలత అక్కరలేదు. ఆ రోజు బాండలి దించేశాం, మళ్లీ ఆ పని చేయలేదు. నూనె పెరిగినప్పుడు ధర పెంచకపోతే హోటలువాడికి మిగిలే దారుల్లో ఇదొకటి, అందుకే చెబుతున్నాను.

ఇక ఐదు రూపాయల లెక్క. మేము రోజుకు సుమారు 600 ప్లేట్లు అమ్ముతాం, అందులో గారెలు, పూరీలు 200. రోజుకు రెండు సిలిండర్లు, ఒక్కోదాని మీద 120 రూపాయల పెరుగుదల, అంటే ప్లేటుకు 40 పైసలు. రోజుకు ఒక డబ్బా పామోలిన్, దాని మీద 180 రూపాయలు. ఆ 200 ప్లేట్లకే పంచితే 90 పైసలు. మార్కెట్టు నుంచి కూరగాయలు తెచ్చే ఆటోకు పెరిగిన 60 రూపాయలు ప్లేటుకు 10 పైసలు. పనిచేసే ఆరుగురికి ఈ నెల రోజుకు వంద చొప్పున కూలి పెంచాను, అది ప్లేటుకు ఒక రూపాయి. వాళ్ల ఇళ్లలోనూ నూనె కొనాలి కదా! మొత్తం రెండు రూపాయల నలభై పైసలు.

మిగిలిన రెండు రూపాయల అరవై పైసలు ఏమయ్యాయని అడిగే హక్కు మీకుంది. గ్యాసు, ఆటో, కూలి కలిపి ఇడ్లీ, దోశ, పొంగలి ప్లేట్ల మీద కూడా రూపాయిన్నర చొప్పున భారం పడింది. 400 ప్లేట్లకు అది రోజుకు 600 రూపాయలు. వాటి ధర పెంచకుండా ఆ భారాన్ని గారె మీద వేస్తే 520 రూపాయలు వస్తాయి, తక్కువ పడే 80 నేను భరిస్తాను. హాస్టలు పిల్లలు, పెద్దవాళ్లు రోజూ తినేది ఇడ్లీ, గారె అదనంగా చెప్పేది. ఈ పంపకం న్యాయమని నాకు తోచింది. గారెలే తినేవాళ్లకు తోచకపోవచ్చు.

2022 రెండో సగంలో పామాయిల్ ధర బాగా పడిపోయినప్పుడు నేను ధర తగ్గించలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఈసారి డబ్బా ధర ఆ 180 రూపాయలూ దిగివచ్చి వరుసగా రెండు నెలలు అక్కడే నిలిస్తే గారె, పూరీ ప్లేటు మళ్లీ 40 అవుతుంది. నూనె, గ్యాసు బిల్లులు గల్లా పక్కన మేకుకు తగిలించి ఉంటాయి, ఎవరైనా తీసి చూడవచ్చు. పార్సిలు కవర్లు, డబ్బాల ముడిసరుకు కూడా క్రూడ్ నుంచి వచ్చేదే కనుక, ఇంటి నుంచి గిన్నె తెచ్చుకునేవారికి పార్సిలు ఛార్జీ మూడు రూపాయలు తీసుకోము. సాంబారుకు మాత్రం మూత గట్టిగా పట్టే గిన్నె తెచ్చుకోండి.